గోదావరి డెల్టా పుస్తకాలు: ఒక మిల్లు గుమస్తా అభిప్రాయాలు

నేను సాహిత్యం చదువుకున్నవాడిని కాను. రైసుమిల్లులో లెక్కలు రాయడం నా ఉద్యోగం. సార్వా కోతలు, దాళ్వా కోతలు ఊపిరి సలపనివ్వవు. ఆ నెలలు పోగా మిగిలిన సాయంత్రాలు పుస్తకాలకు దక్కుతాయి. చాలా ఏళ్లుగా నా చదువు ఎక్కువగా గోదావరి డెల్టా చుట్టూనే తిరుగుతోంది. ఇక్కడ పుట్టినవారు రాసినవీ, ఇక్కడి ఊళ్లలో కథ నడిపినవీ దొరికినప్పుడల్లా చదువుతూ వచ్చాను. వాటికి నేను పెట్టే పరీక్ష ఒక్కటే. కొబ్బరితోటలనూ, పంటకాలువలనూ, లంకలనూ వర్ణించినంత మాత్రాన అది మా ప్రాంతపు పుస్తకం అయిపోదు. అవన్నీ వీధి తలుపు తీస్తే మాకు రోజూ కనిపించేవే. మనుషులు ఏ పని చేసుకుని బతికారు, ఎవరికి ఎంత బాకీ పడ్డారు, ఎదుటివాణ్ణి ఏ మాటతో లొంగదీసుకున్నారు అన్నది కనిపించినప్పుడే నాకు నమ్మకం కుదురుతుంది. ఈ పరీక్షలో బాగా పేరున్న పుస్తకాలు కొన్ని వెనకబడ్డాయి, అంతగా ఆశ పెట్టుకోనివి కొన్ని నిలబడ్డాయి.

అందరికన్నా ముందు నిలిచినవారు శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి. ఈయన 1891లో అనపర్తి దగ్గరి పొలమూరులో పుట్టి, సంప్రదాయ పండిత కుటుంబంలో పెరిగి, సంస్కృతం చదువుకుని, చివరికి తెలుగు వచనానికే తన బతుకు అప్పగించుకున్నారు. ఆయన కథల్లో రచయిత గొంతు చాలా తక్కువగా వినిపిస్తుంది. ఎవరు మాట్లాడుతున్నారో చెప్పకుండానే సంభాషణ పేజీల కొద్దీ సాగుతుంది. అయినా రెండు మాటలు వినేసరికి ఇది అత్తగారి మాటో, ఆడపడుచు మాటో, పొరుగింటావిడ దీర్ఘమో పోల్చుకోవచ్చు. ‘అరికాళ్ళకింద మంటలు’ కథలో ఒక బాలవితంతువుకు ఇంటిల్లిపాదీ పనులు పురమాయిస్తూ ఉంటారు. ఒకరి పని ముగియకముందే ఇంకొకరి పిలుపు వస్తుంది. ఆ పిల్ల కష్టం గురించి రచయిత జాలిగా ఒక్క వాక్యం రాయకపోయినా, ఆ పురమాయింపుల వరస చదువుతున్నప్పుడే మనకు ఆయాసం వస్తుంది. సంస్కరణోద్యమం మీద ఉపన్యాసాలు ఎన్ని విన్నా నాకు అందని సంగతి ఆ కథతో అందింది.

‘వడ్లగింజలు’ నా వృత్తికి దగ్గరి కథ గనుక దాని దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. శంకరప్ప అనే యువకుడు పెద్దాపురం సంస్థానంలో చదరంగం ఆడి, బహుమానంగా వడ్లగింజలు అడుగుతాడు. మొదటి గడికి ఒకటి, రెండో గడికి రెండు, మూడోదానికి నాలుగు చొప్పున, అరవై నాలుగు గళ్లకూ రెట్టింపు చేసుకుంటూ పోవాలి. ఈ లెక్క చాలా దేశాల్లో చెప్పుకునేదే. దాన్ని వరి పండే నేలకు తెచ్చి, ధాన్యమే సంపదగా బతికే మనుషుల మధ్య పెట్టడంలో ఉంది శాస్త్రిగారి తెలివి. కథ చదివిన రాత్రి నేను కాగితం, కలం తీసుకుని మా మిల్లు కొలతల్లో లెక్క కట్టాను. మారుటేరు పరిశోధన స్థానం 1982లో విడుదల చేసిన స్వర్ణ రకం వెయ్యి గింజలు సుమారు 20 గ్రాములు తూగుతాయి. ఆ లెక్కన 75 కిలోల బస్తాకు ముప్పై ఏడున్నర లక్షల గింజలు పడతాయి. ఇరవై ఒక్క గళ్లు నింపినా ఇంకా ఒక్క బస్తా నిండదు. ఇలాంటి బహుమానం అడిగినవాణ్ణి చూసి సభలో ఉన్నవాళ్లకు నవ్వు రావడం సహజమే అనిపిస్తుంది. ముప్పై రెండో గడి, అంటే సగం పలక, పూర్తయ్యేసరికి మొత్తం దాదాపు 1,145 బస్తాలవుతుంది. ఎకరానికి ముప్పై బస్తాలు పండే చేలు ముప్పై ఎనిమిది ఎకరాలున్న మోతుబరి ఒక పంటతో తీర్చేయగల బాకీ అది. కానీ అరవై నాలుగో గడికి చేరేసరికి లెక్క సుమారు 4 లక్షల 92 వేల కోట్ల బస్తాల దగ్గర ఆగుతుంది. అన్ని బస్తాలను రాయడానికి మా మిల్లులో చిట్టా పుస్తకాలు కూడా చాలవు. చక్రవడ్డీకి అప్పు తెచ్చుకున్న ప్రతి రైతూ మొదటి సగం పలక దాకా ధైర్యంగానే ఉంటాడు. కథలో ఈ మాట ఎక్కడా లేదు, అది నా కొసరు. కథ ఎలా తేలుతుందో మాత్రం చెప్పను. చదవబోయేవారికి అన్యాయం చేసినట్లవుతుంది.

అదే సంస్థానం ‘గులాబీ అత్తరు’లోనూ కనిపిస్తుంది. దూరం నుంచి తన పనితనం వెంటబెట్టుకుని వచ్చిన అత్తరు తయారీదారును ప్రభువు ఎదుటిదాకా పోనివ్వకుండా అడ్డుపడే మనుషులున్నారే, వాళ్లను చదువుతుంటే కాలం మారిందన్న భావన రాదు. పెద్ద కార్యాలయాల గుమ్మాల దగ్గర ఫైలు పట్టుకుని నిలబడ్డ అనుభవం ఉన్నవారెవరైనా ఆ పాత్రలను పేరు పెట్టి పిలవగలరు. ఆయన ఆత్మకథ ‘అనుభవాలూ జ్ఞాపకాలూనూ’ గురించి మాత్రం నా అభిప్రాయం రెండు రకాలుగా ఉంది. చదువు కోసం ఊళ్లు పట్టి తిరిగిన బాల్యం, గురువుల ఇళ్లు, అక్కడి తిండి, అక్కడి మర్యాదలు, పాఠం చెప్పే పద్ధతి, ఇవన్నీ అంత దగ్గరగా చూపించిన పుస్తకం నేను ఇంకొకటి చదవలేదు. పండితుల వాదోపవాదాలు మొదలయ్యాక, ఆ తగాదాల వెనకాముందూ తెలియని నాబోటివాడికి దారి తప్పుతుంది. అక్కడక్కడ పేజీలు తిప్పేశాను; అందుకు సిగ్గుపడడం లేదు.

మొక్కపాటి నరసింహశాస్త్రి రాసిన ‘బారిస్టర్ పార్వతీశం’ మొదటి భాగం 1924లో వచ్చింది. మొగలితుర్రు నుంచి బయలుదేరిన కుర్రవాడు మద్రాసులో ఆడవాళ్ల టోపీ కొని నెత్తిన పెట్టుకున్న సంగతి ఈ పుస్తకం చదవనివారికి కూడా తెలుసు. తెలిసిన హాస్యం మళ్లీ చదివితే చప్పగా ఉంటుందని కొంత సందేహంగానే తెరిచాను. అలా జరగలేదు. పార్వతీశం తెలివితక్కువవాడు కాడు. తనకు తెలియని సంగతిని తెలిసినట్లు నటించడం ఒక్కటే అతని జబ్బు, అదీ మా వైపు వాళ్లందరికీ కొద్దో గొప్పో ఉన్నదే. రైలులోనూ ఓడలోనూ అతను ఎదుటివాళ్లకు చెప్పే జవాబులలో గోదావరి జిల్లా బడాయి అచ్చంగా వినిపిస్తుంది. ఎడింబరో చేరాక హాస్యం పలచబడుతుంది, రెండో, మూడో భాగాల్లో కథ ఉంది గానీ ఆ కుర్రవాడు లేడు. మూడు భాగాలూ కలిపి కొననక్కరలేదని నా సలహా. మొదటిది విడిగా దొరికితే అది చాలు.

చిలకమర్తి లక్ష్మీనరసింహం ‘గణపతి’ని ఆకాశవాణి నాటకంగా విని నవ్వుకున్న పెద్దలు మా ఇంట్లో ఉన్నారు. పుస్తకంగా చదివినప్పుడు నాకు అంత నవ్వు రాలేదు. చదువు అబ్బని, తిండి చాలని పిల్లవాడి మొరటుతనాన్ని చూపించి నవ్వించడం ఒక హద్దు దాటాక ఇబ్బంది పెడుతుంది. ఆ ఇబ్బంది రచయిత ఉద్దేశించినదేనా అన్నది పుస్తకం మూసేదాకా నాకు తేలలేదు. ఆయన స్వీయచరిత్ర నాకు ఇంతకన్నా నచ్చింది. చూపు పోయిన తరువాత చెప్పి రాయించిన ఆ పుస్తకంలో రాజమహేంద్రవరం వీధులు, బడులు, నాటక సమాజాలు, మనుషుల రూపురేఖలు కళ్లున్నవాళ్లు రాసిన చాలా పుస్తకాలకన్నా స్పష్టంగా ఉన్నాయి.

కందుకూరి వీరేశలింగం ‘రాజశేఖర చరిత్రము’ ధవళేశ్వరం దగ్గర మొదలవుతుంది గనుక మా వరసలో చేరాలి. బంగారం చేసిపెడతానని నమ్మించే బైరాగి, చుట్టూ చేరి పొగిడి ఇల్లు గుల్ల చేసే బంధుమిత్రులు ఇప్పటికీ కొత్తగానే ఉన్నారు. భాష మాత్రం నాకు నెమ్మదిగా నడిచింది. అడివి బాపిరాజు ‘నారాయణరావు’ 1934లో ఆంధ్ర విశ్వవిద్యాలయం బహుమతిని ‘వేయిపడగలు’తో పంచుకున్న నవల. కోనసీమ సంపన్న గృహాల పెళ్లిసందడి అందులో బాగా వచ్చింది. కథానాయకుడికి రాని విద్య లేకపోవడంతో నాకు అతని మీద నమ్మకం కలగలేదు.

దగ్గరి కాలానికి వస్తే, వంశీ ‘మా పసలపూడి కథలు’ మా ఊరి గ్రంథాలయంలో బహుశా ఎక్కువ చేతులు మారిన పుస్తకం; బాపు బొమ్మలున్న పేజీల అంచులు నలిగి నల్లబడ్డాయి. పేర్లు, ఇంటిపేర్లు, వంటలు, ఊరికీ ఊరికీ మధ్య దారులు చెప్పడంలో ఆయనకు సాటి లేరు. పులుసు ఎలా కాగాలో, ఏ ఊరి రేవులో ఏ చేప దొరుకుతుందో చెప్పే చోట కథ ఆగిపోయినా మనకు అభ్యంతరం ఉండదు. ఇవి ‘స్వాతి’ వారపత్రికలో వారం వారం వచ్చిన కథలు, అలా చదివితేనే వీటి రుచి. నేను పట్టుపట్టి వరసగా చదవబోతే తీపి ఎక్కువైన పూతరేకుల్లా మొహం మొత్తింది. విఫలమైన ప్రేమ, వెనక్కి తిరిగి చూసుకునే ముసలితనం మళ్లీ మళ్లీ ఎదురవుతాయి. పక్కన పెట్టి, ఆదివారానికి ఒకటి చొప్పున చదివితే మళ్లీ బాగున్నాయి. ముళ్లపూడి వెంకటరమణ ఆత్మకథ ‘కోతికొమ్మచ్చి’కి ఆ చిక్కు లేదు. ధవళేశ్వరంలో పుట్టిన ఆయన, పేదరికం గురించి రాసేటప్పుడు కూడా పాఠకుడి దగ్గర సానుభూతి అడగరు.

పైన చెప్పిన పుస్తకాలన్నీ ఒకదాని తరువాత ఒకటి చదివాక నాకు ఒక లోటు కనిపించింది. వాటిలో అన్నం తినేవాళ్లు, వడ్డించేవాళ్లు కనిపించినంతగా ఊడ్పు ఊడ్చేవాళ్లు, కుప్ప నూర్చేవాళ్లు, బస్తా మోసేవాళ్లు కనిపించరు. కనిపించినా గుమ్మం బయట నిలబడి ఒక మాట అని వెళ్లిపోతారు. ఆ గుమ్మం అవతలి వైపు నుంచి రాసినవారు బోయి భీమన్న. మామిడికుదురులో 1911లో పుట్టిన ఆయన ‘పాలేరు’ నాటకంలో చదువుకుని పైకి వచ్చే పాలేరు కథ చెప్పారు. ఇవాళ చదివితే సంభాషణల్లో కొంత ఉపన్యాస ధోరణి ఉన్నమాట నిజమే. కానీ కూలి కొలిచే చోట ఎవరు కూర్చుంటారో, ఎవరు నిలబడతారో ఆయనకు తెలిసినంతగా మిగతావారికి తెలియదు. కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి పొందిన ‘గుడిసెలు కాలిపోతున్నాయి’ కవితలను నేను నాటకం తరువాత చదివాను. నాటకంకన్నా అవే ఎక్కువ రోజులు మనసులో నిలిచాయి. డెల్టా పుస్తకాలు చదవాలనుకునేవారు శ్రీపాదవారి కథల పక్కనే వీటినీ పెట్టుకోవాలి. ఒకటి లేకుండా రెండోది సగం ఊరే చూపిస్తుంది.

ఇంకొక వెలితి నీటికి సంబంధించింది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన తరువాతే ఈ నేల ఇప్పుడున్నట్లు తయారైంది. కాలువ ఎప్పుడు కట్టేస్తారు, ఎప్పుడు వదులుతారు, చివరి భూములకు నీరు అందుతుందా అన్న మాట లేకుండా మా వాళ్లకు రోజు గడవదు. 1986 ఆగస్టు వరద, 1996 నవంబరు తుపాను గురించి పెద్దవాళ్లు నోటితో చెప్పే సంగతులే ఒక పెద్ద పుస్తకమవుతాయి. నేను చదివిన నవలల్లో గోదావరి ఎక్కువగా స్నానానికీ, పడవ ప్రయాణానికీ, సాయంకాలపు విచారానికీ పనికివచ్చింది. లాకుల దగ్గర వంతు నీటి కోసం జరిగే తగాదా ఒక్కటి కూడా నాకు తటస్థపడలేదు. తుపాను తరువాత కూలిన కొబ్బరిచెట్లను లెక్కపెట్టుకుంటూ తిరిగిన రైతు కథ ఎవరైనా రాస్తే ముందుగా కొనేవాళ్లలో నేనుంటాను.

ఈ పుస్తకాల్లో చాలావాటిని నేను కొనలేదు. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కడుతున్నాం గనుక శాఖా గ్రంథాలయాన్ని వాడుకోవడం మన హక్కు. భీమవరం దగ్గరి కుముదవల్లిలో 1897లోనే గ్రంథాలయం పెట్టుకున్న జిల్లా మాది; అయినా చాలాచోట్ల ఇప్పుడు పోటీపరీక్షల పుస్తకాలు ముందు వరసలోకి వచ్చి, కథల పుస్తకాలు వెనక బీరువాలోకి పోయాయి. అడిగితే తాళం తీసి ఇస్తారు. అడగాలి, అంతే. పాత ప్రతులు మళ్లీ కుట్టించినప్పుడు లోపలి అంచు మూసుకుపోయి, ప్రతి పేజీలో చివరి అక్షరాలు మడతలో దాక్కుంటాయి. వాటిని రెండు చేతులతో విప్పి పట్టుకుని చదవవలసిందే.

కొత్త ముద్రణల పరిస్థితి ఏమంత మెరుగ్గా లేదు. ఈమధ్య కొన్న ఒక కథల సంపుటిలో కాగితం తెల్లగా, అట్ట అందంగా ఉంది గానీ, ప్రూఫులు చూసినవారు లేనట్లుంది. సంభాషణే ప్రాణమైన కథల్లో ఒకరి మాట ఎక్కడ ముగిసి ఇంకొకరి మాట ఎక్కడ మొదలైందో చూపించే గుర్తులు చాలాచోట్ల ఎగిరిపోయాయి. కోడలి మాట అత్తగారి నోట్లో పడితే కథ ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. అక్షరం కూడా నలభై దాటిన కళ్లకు బాగా చిన్నది. వెల ఇంకో యాభై రూపాయలు పెంచినా సరే, అక్షరం పెద్దది చేసి, గ్రంథాలయంలో ఉన్న పాత ప్రతితో సరిచూసి వేస్తే, ఒకటి నాకూ, ఇంకొకటి మా మిల్లులో నా తరువాత చదివే కాటా గుమస్తాకూ కొంటాను.