గాలె కోటలో మొదటి రోజు: రూమ్ లోపలా, బయటా?

శ్రీలంక ట్రిప్‌లో గాలె (దక్షిణ తీరంలో ఉన్న ఊరు, పాత ఊరంతా కోట గోడల లోపలే) ఉండాల్సిందేనని పట్టుబట్టింది మా గ్యాంగ్‌లో క్రికెట్ పిచ్చోళ్లు, కోట సంగతి వాళ్లకి పెద్దగా పట్టలేదు. కొలంబో ఫోర్ట్ స్టేషన్‌లో పొద్దున్నే రైలెక్కాం, కుడివైపు కూర్చోండి, చాలా దూరం పట్టాల పక్కనే సముద్రం. రిజర్వేషన్ లేకపోతే సీటు మీద ఆశ పెట్టుకోవద్దు, మాలో సగం మంది తలుపు దగ్గర నిలబడే వచ్చారు, అసలు ఎక్కువ ఎంజాయ్ చేసింది వాళ్లే.

రూమ్ విషయంలో మాలో మాకే గొడవ. బీచ్ కావాలంటే దగ్గర్లోనే ఉనావటున ఉంది, ఆటోలో వెళ్లొచ్చు. నా ఓటు మాత్రం కోట లోపలికే, ఎందుకంటే డే ట్రిప్ వాళ్లంతా సాయంత్రానికి వెళ్లిపోతారు, ఆ తర్వాత వీధులు మనవే. మేం దిగింది పాత ఇల్లు, మందపాటి గోడలు, ఎత్తు సీలింగు, మధ్యలో చిన్న మండువా. ఏసీకి వేరే డబ్బులు, షవర్‌లో నీళ్లు సన్నగా వస్తాయి, ఫోటోలో చూపించిన బాల్కనీ పక్క రూముదని దిగాక తెలిసింది. అయినా పొద్దున పెట్టిన ఇడియాప్పం, కొబ్బరి సంబోల్ (కారంగా ఉండే కొబ్బరి పచ్చడి) తిన్నాక ఎవరూ కంప్లైంట్ చెయ్యలేదు.

కోట చుట్టూ గోడ మీద నడవడానికి టికెట్ లేదు, అన్నిటికన్నా బాగున్నదీ అదే. 1588లో పోర్చుగీసు వాళ్లు మొదలెడితే 1640లో డచ్ వాళ్లు లాక్కుని గట్టిగా కట్టారు, 2004 సునామీకి బయట బస్టాండు, స్టేడియం నాశనమైపోయినా లోపల ఊరు చాలావరకు నిలబడిందంటే ఆ గోడల పుణ్యమే. క్లాక్ టవర్ వైపు నిలబడితే స్టేడియం మొత్తం కనిపిస్తుంది. మురళీధరన్ 800వ వికెట్ ఇక్కడే, 2010 జులైలో మన మీదే, ఔటైంది మన హైదరాబాద్ జట్టుకి ఆడిన ప్రజ్ఞాన్ ఓఝా. మా వాడు ఆ బంతి గురించి అరగంట క్లాసు పీకాడు, పక్కన ఎవరో శ్రీలంక తాతగారు కూడా వచ్చి కలిశారు, ఇక కదిలితే ఒట్టు.

డచ్ చర్చి 1755 నాటిది, నేల మీద పరిచినవన్నీ సమాధి రాళ్లే, వాటి మీద పుర్రె బొమ్మలు, పది నిమిషాలు చాలు కానీ మిస్ అవ్వొద్దు. లైట్‌హౌస్ 1939ది, ఫోటోకి సూపర్, అంతకు మించి ఏం లేదు. దాని ఎదురుగా తెల్లటి మసీదు ఉంది చూడండి, దూరం నుంచి చర్చే అనుకుంటారు. ఫ్లాగ్ రాక్ అనే బురుజు దగ్గర కుర్రాళ్లు గోడ మీంచి సముద్రంలోకి దూకుతారు, డబ్బులడుగుతారు, చూస్తుంటే మనకే గుండె జారుతుంది, నాకైతే అది ఎంకరేజ్ చెయ్యాలనిపించలేదు.

తిండి దగ్గర మాత్రం జాగ్రత్త, కోట లోపల కేఫ్‌లు చూడ్డానికి ముద్దుగా ఉంటాయి, బిల్లులో పది శాతం సర్వీస్ ఛార్జ్ కూడా కలిసొస్తుంది, మేం మధ్యాహ్నం తిన్న చోట చేపల కూర చప్పగా ఉంది, రేటు మాత్రం ఘాటు. రాత్రి బస్టాండు వైపు వెళ్లి కొత్తు రొట్టి తిన్నాం, రొట్టెని ముక్కలు చేసి కూరతో కలిపి పెనం మీద టకటకా కొడుతూ చేస్తారు, కారం మన నాలుకకి సరిపోయింది, అందరం కలిపి కట్టింది మధ్యాహ్నం బిల్లులో సగం కూడా లేదు.

ఎండ టైంలో గోడ ఎక్కొద్దు, నీడ దాదాపు ఉండదు. మధ్యాహ్నం చర్చి, మ్యూజియం, షాపులు పెట్టుకుని నాలుగున్నర దాటాక గోడ మీదికి వెళ్లండి.