ఎస్పీ రోడ్డులో "ఐ7" పేరు చెప్పి 2013 నాటి ప్రాసెసర్ అంటగట్టారు: ఇంటికి కంప్యూటర్ కొనేవాళ్ళు జాగ్రత్త

పిల్లల చదువు కోసం కంప్యూటర్ కొందామని బెంగళూరులో కంప్యూటర్ షాపులుండే ఎస్పీ రోడ్డుకు బయల్దేరుతున్న మన తెలుగువాళ్ళు దయచేసి ఇది చదివి వెళ్ళండి. 2025 జూన్‌లో నేను అక్కడ 27,500 రూపాయలు పెట్టి కొన్న "ఐ7 కంప్యూటర్"లో ఉన్న ప్రాసెసర్ 2013లో వచ్చినది. క్యాబినెట్ కొత్తది, మదర్‌బోర్డు కొత్తది, బోర్డు పెట్టెకు ప్లాస్టిక్ కవరు నా ముందే చింపారు. అందుకే ఐదు నెలల పాటు నాకు అనుమానమే రాలేదు.

మా అమ్మాయి పీయూసీ (మన ఇంటర్) రెండో సంవత్సరం. తర్వాత ఇంజినీరింగ్ అంటోంది. ఇప్పుడు కొన్నది ఇంజినీరింగ్ అయ్యేదాకా రావాలి, అంటే ఐదేళ్ళు, అదనంగా ఒకటి వేసుకుంటే ఆరేళ్ళు. మధ్యలో ర్యామో ప్రాసెసరో పెంచుకునే వీలుండాలి. ఇదీ మా లెక్క. కుందలహళ్ళిలో మెట్రో ఎక్కి, మెజెస్టిక్‌లో మారి, చిక్‌పేటలో దిగి నాలుగు షాపులు తిరిగాం. ఐదో షాపులో కౌంటర్ దగ్గరున్న కుర్రాడు మా మాటలు విని "ఏ ఊరన్నా మీది?" అన్నాడు. అనంతపురం అన్నాను. తనది కదిరి దగ్గర పల్లె అన్నాడు. ఆ తర్వాత ఇంకో షాపు గడప తొక్కలేదు నేను. పరాయి ఊళ్ళో మన భాష వినపడగానే మనసు మెత్తబడుతుంది. ఆ మెత్తదనంతోనే అడగాల్సినవి అడగకుండా వచ్చేశాను.

ఆరేళ్ళు రావాలి, తర్వాత పెంచుకునేలా ఉండాలి అని మాత్రం రెండు మూడుసార్లు చెప్పాను. "అన్నా, అందరికీ ఐ3, ఐ5 ఇస్తున్నా, మీకు ఐ7 పెట్టిస్తున్నా. ఇప్పుడు 8 జీబీ ర్యామ్ వేస్తా, రేపు కావాలంటే 32 దాకా వేసుకోవచ్చు" అన్నాడు. విండోస్ 11 వేసి, ఆన్ చేసి చూపించాడు. బిల్లు అడిగితే, జీఎస్టీ బిల్లయితే 18 శాతం ఎక్కువవుతుందని చెప్పి, ఎస్టిమేట్ కాగితం మీద "సీపీయూ ఐ7 అసెంబుల్డ్, 1" అని రాసి సీలు గుద్దాడు. ప్రాసెసర్ మోడల్ నంబరు లేదు, బోర్డు పేరు లేదు, సీరియల్ నంబరు లేదు. మూడేళ్ళ వారంటీ అని నోటితో చెప్పిందే తప్ప కాగితం మీద లేదు.

నవంబరులో మా బావమరిది వచ్చాడు. వాడి కంప్యూటర్‌లో ర్యామ్ మార్చుకుంటే 8 జీబీ డీడీఆర్4 స్టిక్ ఒకటి మిగిలిందట, మా అమ్మాయి మెషీన్‌లో వేద్దామని పట్టుకొచ్చాడు. క్యాబినెట్ తెరిచి స్లాట్‌లో పెడితే కూర్చోలేదు. స్టిక్ అడుగున ఒక గంటు ఉంటుంది, స్లాట్‌లో ఉన్న చిన్న గట్టుతో అది కలవాలి. ఇక్కడ కలవలేదు. డీడీఆర్3, డీడీఆర్4, డీడీఆర్5లలో ఆ గంటు ఒక్కోదానికి ఒక్కోచోట ఉంటుంది, ఒకటి తీసి ఇంకోదాని స్లాట్‌లో పెట్టకుండా. లోపలున్న స్టిక్ తీసి చూస్తే డీడీఆర్3, అంటే పాత తరం ర్యామ్. వాడి ముఖం మారిపోయింది. "బావా, ఇది ఏ జనరేషనో చూశావా?" అన్నాడు. టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్ నొక్కితే కుడివైపు పైన పేరు ఉంది: ఐ7-4770. ఐదు నెలలుగా అక్కడే ఉంది. ఎలా చదవాలో మాకు తెలియదంతే.

ఎలా చదవాలో చెప్తాను. ఇంటెల్‌లో ఐ7 పక్కన వచ్చే అంకెల్లో మొదటిది జనరేషన్. 4770 అంటే 4వ జనరేషన్. 12400 లాగా ఐదంకెలుంటే మొదటి రెండూ కలిపి 12వ జనరేషన్. ఐ3, ఐ5, ఐ7 అనేవి ఆ ఏడాది వచ్చినవాటిలో ఏది చిన్నది, ఏది పెద్దది అని మాత్రమే చెప్తాయి. 2022 జనవరిలో వచ్చిన ఐ3-12100లో కూడా నా ఐ7 లాగే 4 కోర్లు (లోపల పనిచేసే భాగాలు), 8 థ్రెడ్లు (అవి ఒకేసారి నడిపే పనులు). అయినా వేగంలో నాదానికంటే చాలా ముందుంటుంది, కరెంటు తక్కువ తాగుతుంది. నేను చిన్నదని కాదనుకున్న ఐ3, నాకు దక్కిన ఐ7 కంటే ఎంతో మేలు.

వేగం ఒక్కటే అయితే సర్దుకునేవాళ్ళం. అసలు దెబ్బ బోర్డులో ఉంది. మాకిచ్చింది హెచ్81 చిప్‌సెట్ బోర్డు (ఆ బోర్డుకు ఏమేం పడతాయో తేల్చే చిప్‌ని చిప్‌సెట్ అంటారు), సాకెట్, అంటే ప్రాసెసర్ కూర్చునే గూడు, ఎల్‌జీఏ1150. ఆ బోర్డులో రెండే ర్యామ్ స్లాట్లు, మొత్తం 16 జీబీకి మించి తీసుకోదు. షాపులో చెప్పిన 32 జీబీ ఎన్నటికీ పట్టదు. ప్రాసెసర్ పెంచుకుందామా అంటే, ఆ సాకెట్‌లో కూర్చునేవాటిలో మేం దాదాపు పై మెట్టు మీదే ఉన్నాం. ఇంకా వేగం కావాలంటే బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ మూడూ ఒకేసారి పారేయాలి. విండోస్ 11 మాట కూడా అంతే. విండోస్ 11కి పనికొచ్చే ప్రాసెసర్లని మైక్రోసాఫ్ట్ ఇచ్చిన జాబితాలో ఇంటెల్‌వి దాదాపు అన్నీ 8వ జనరేషన్ నుంచే మొదలు, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కూడా ఉండాలి. ఆ తనిఖీని దాటవేసి ఇన్‌స్టాల్ చేసి నాకు చూపించారన్నమాట. అలా వేసినదానికి ఏడాదికోసారి వచ్చే పెద్ద అప్‌డేట్ మామూలు దారిలో రాదు. వెనక్కి విండోస్ 10కి పోదామంటే దాని మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది.

కొత్త బోర్డు మీద పాత ప్రాసెసర్ ఎలా వచ్చిందని నాకూ అర్థం కాలేదు మొదట. ఆఫీసులు పాత కంప్యూటర్లు లాట్లుగా అమ్మేస్తాయి. ప్రాసెసర్లు అంత త్వరగా చావవు, బోర్డులే ముందు పోతాయి. ఆ ప్రాసెసర్ల కోసమే హెచ్61, హెచ్81, హెచ్110 బోర్డులు పేరు తెలియని బ్రాండ్ల మీద ఇప్పటికీ కొత్తగా తయారై వస్తున్నాయి. పాతదని చెప్పి, పాతదాని ధరకే అమ్మితే తప్పు లేదు. టైపింగుకీ బిల్లులు కొట్టుకోవడానికీ కొనేవాళ్ళకి అది పనికొస్తుంది కూడా. ఆరేళ్ళు రావాలని అడిగినవాడికి ఏమీ చెప్పకుండా ఇవ్వడం మాత్రం మోసమే.

మర్నాడే షాపుకు వెళ్ళాం. ఆ కుర్రాడే ఉన్నాడు. "అన్నా, మీరు ఐ7 అడిగారు, ఐ7 ఇచ్చాను. జనరేషన్ అడిగారా?" అన్నాడు. ఓనరు వచ్చి, ఇంకో 6,000 ఇస్తే 6వ జనరేషన్ ఐ5కి మారుస్తానన్నాడు. మా బావమరిది పక్కన లేకపోతే అదీ ఒప్పుకునేవాణ్ణేమో. 6వ జనరేషన్ కూడా విండోస్ 11 జాబితాలో లేదు. ఒక గోతిలోంచి తీసి పక్క గోతిలో వేసే బేరం అది. వద్దని వచ్చేసి 1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశాను. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడమే అన్యాయమైన వ్యాపార పద్ధతి కిందికి వస్తుంది. జిల్లా కమిషన్‌లో కేసు వేయడానికి రెండేళ్ళ గడువుంది, కొన్న వస్తువు 5 లక్షల లోపైతే ఫీజు లేదు, మనం ఉండే చోటే వేయొచ్చు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంట్లో కూర్చునే దాఖలు చేయొచ్చు. నా చేతిలో సరైన బిల్లు లేదు, ఉన్నదల్లా ఆ ఎస్టిమేట్ కాగితం, యూపీఐలో డబ్బు పంపిన రుజువు, మెషీన్ ఫోటోలు. జీఎస్టీ కింద మిగిలిందనుకున్న డబ్బు ఇప్పుడు కేసు బలాన్ని తినేసింది.

సరే, కలకాలం వచ్చేది కొనాలంటే ఏం చూడాలి? ఈ రెండు నెలల్లో నేను నేర్చుకున్నది: ముందు సాకెట్, తర్వాత చిప్‌సెట్, ఆ తర్వాతే ప్రాసెసర్.

మా బావమరిది 2018లో బీ450 బోర్డు మీద ఏఎండీ కంపెనీ ప్రాసెసర్ రైజెన్ 5 2600 పెట్టుకున్నాడు. 2023లో ప్రాసెసర్ ఒక్కటే తీసేసి 5700ఎక్స్ వేశాడు. బోర్డు, ర్యామ్ అవే. బోర్డులోనే ఉండే బయాస్ అనే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసుకున్నాడు, అంతే. ఏఎండీ ఏఎం4 సాకెట్‌లో అది కుదిరింది. 2017 నాటి 300 సిరీస్ బోర్డులకు కూడా 2022లో రైజెన్ 5000 సపోర్టు తెరిచారు. ఇంటెల్‌లో ఇలా కుదరని సందర్భాలు చాలా ఉన్నాయి. 7వ జనరేషన్‌కీ 8వ జనరేషన్‌కీ సాకెట్ పేరు ఒకటే, 1151. అయినా 2017 అక్టోబరులో వచ్చిన 8వ జనరేషన్ పాత 100, 200 సిరీస్ బోర్డుల్లో పనిచేయదు. 10, 11 జనరేషన్లు రెండూ ఎల్‌జీఏ1200, అయినా బీ460, హెచ్410 బోర్డుల్లో 11వ జనరేషన్ నడవదు. కాబట్టి "సాకెట్ ఒకటే అన్నా, తర్వాత మార్చుకోవచ్చు" అంటే నమ్మకండి. బోర్డు కంపెనీ వెబ్‌సైట్‌లో ఆ బోర్డు పేజీకి వెళ్తే ఏ ప్రాసెసర్, ఏ బయాస్ వెర్షన్ నుంచి పనిచేస్తుందో పట్టిక ఉంటుంది. షాపులో నిలబడే ఫోన్‌లో చూడొచ్చు. ఆ బోర్డు పేజీ ఎక్కడా దొరకలేదంటే ఆ బోర్డు తీసుకోకండి.

ఇప్పుడు కొనేవాళ్ళకు నా అభిప్రాయం ఇది. డబ్బు కాస్త ఎక్కువ పెట్టగలిగితే ఏఎండీ వాళ్ళ ఏఎం5 సాకెట్. 2022 సెప్టెంబరులో వచ్చింది, డీడీఆర్5 మాత్రమే తీసుకుంటుంది, 2027 దాకా, ఆ తర్వాత కూడా సపోర్టు ఉంటుందని ఏఎండీ చెప్పింది. చెయ్యి బిగుతుగా ఉంటే ఏఎం4లో 5600జీ లాంటిది, లేదా ఇంటెల్ 12వ జనరేషన్. ఈ రెండు సాకెట్లకూ ఇక ముందు పెద్దగా దారి లేదు, కానీ విండోస్ 11 నిక్షేపంగా నడుస్తుంది, చవగ్గా దొరుకుతాయి. ఇంటెల్ 12, 13, 14 జనరేషన్ల ఎల్‌జీఏ1700 బోర్డుల్లో డీడీఆర్4వి వేరు, డీడీఆర్5వి వేరు, అడిగి తీసుకోండి. 13, 14 జనరేషన్లలో పెద్ద డెస్క్‌టాప్ ప్రాసెసర్లు వోల్టేజీ సమస్యతో పాడవుతున్నాయని 2024లో ఇంటెల్ ఒప్పుకుంది, దాన్ని సరిదిద్దడానికి మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్లు ఇచ్చింది, బాక్స్ ప్రాసెసర్లకు వారంటీ రెండేళ్ళు పెంచింది. అలాంటిది సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా వస్తోందంటే నేనైతే ముట్టుకోను. ఏఎండీకీ మచ్చ లేదని కాదు. 2023లో ఏఎం5 మీద పేరు చివర ఎక్స్3డీ ఉన్న కొన్ని ప్రాసెసర్లు కాలిపోతే, ప్రాసెసర్‌లో ఒక భాగానికి వెళ్ళే ఎస్ఓసీ వోల్టేజీని బయాస్ ద్వారా 1.3 వోల్టులకు కట్టడి చేశారు. ఏ బోర్డు కొన్నా మొదటిరోజే బయాస్ అప్‌డేట్ చేయించుకోండి.

ఈసారి అప్పు చేసి మరీ రైజెన్ 5 7600, బీ650 బోర్డు తీసుకున్నాం. మొదటిదానికి దాదాపు రెట్టింపు అయింది. డీడీఆర్5 ధరలు అప్పటికే పెరిగిపోయాయి, అందుకే 16 జీబీ స్టిక్ ఒక్కటే వేయించి మిగతా స్లాట్లు ఖాళీగా ఉంచాం. ప్రాసెసర్ ట్రేలోది (పెట్టె లేకుండా విడిగా వచ్చేది) కాకుండా బాక్స్‌లోదే కావాలన్నాం, ఎందుకంటే కంపెనీ ఇచ్చే మూడేళ్ళ వారంటీ బాక్స్‌కే. పెట్టె మా ముందు తెరిపించి, ప్రాసెసర్ మీద పేరు ఫోటో తీశాం. ఏఎం5లో పిన్నులు ప్రాసెసర్‌కి కాకుండా బోర్డు సాకెట్‌లో ఉంటాయి, ఒక్కటి వంగినా వారంటీ ఇవ్వరు. అందుకే సాకెట్ మీది ప్లాస్టిక్ మూత తీయకముందూ తీశాకా కూడా ఫోటో తీసుకున్నాం. కొటేషన్‌లో బీ650 రాసి చివర్లో అంతకంటే చవకైన ఏ620 బోర్డు బిగించే షాపులూ ఉంటాయని మా బావమరిది చెప్పాడు, బిగిస్తుంటే పక్కనే నిలబడ్డాడు. "క్యాబినెట్‌తో ఫ్రీ" అన్న ఎస్ఎంపీఎస్ (కంప్యూటర్‌కి కరెంటు అందించే పెట్టె) వద్దని, 80 ప్లస్ బ్రాంజ్ అనే రేటింగ్ ఉన్నది విడిగా కొన్నాం. డబ్బు కట్టేముందు షాపు జీఎస్టీ నంబరు పోర్టల్‌లో కొట్టి చూశాం. బిల్లులో ప్రతి వస్తువుకీ ఒక లైను, ప్రతి లైనులో మోడల్, సీరియల్ నంబరు. అలా రాయనన్న ఒక షాపులోంచి మాట్లాడకుండా బయటికి వచ్చేశాం.

పాత మెషీన్ హాల్లో మూలన ఉంది, కేసు తేలేదాకా కదపొద్దన్నారు. మీరెవరైనా ఈ వారం షాపుకు వెళ్తుంటే, ప్రాసెసర్ పూర్తి పేరు, బోర్డు పెట్టె మీది పేరు ఫోటో తీసి నాకు పంపండి. సాయంత్రం ఏడు తర్వాత నేనో మా బావమరిదో చూసి చెప్తాం. అంతదాకా అడ్వాన్స్ కూడా ఇవ్వకండి.