ఐర్లండ్ పీట్ మట్టి: సొంత నేలదా, లాత్వియా ఓడదా?

చిత్తడి నేలల్లో సగం కుళ్లిన మొక్కలతో ఏర్పడి, పుట్టగొడుగుల బెడ్లపై పరిచే పీట్ మట్టి ఐర్లండ్‌కు ఇంటి సరుకు, ఎగుమతి సరుకు కూడా. 2019 హైకోర్టు తీర్పుతో 30 హెక్టార్లు దాటిన తవ్వకాలకు అనుమతులు తప్పనిసరయ్యాయి. 2021 జనవరిలో ప్రభుత్వ సంస్థ బోర్డ్ నా మోనా తవ్వకం మానేసినట్టు ప్రకటించింది. ఆ సెప్టెంబరులోనే లాత్వియా నుంచి 3,600 టన్నులు ఓడలో దిగాయి. మోయడానికి సుమారు 200 లారీలు!

సొంత తవ్వకమైతే రవాణా తక్కువ, సాగుదారుకు చవక. కానీ ఏడాదికి మిల్లీమీటరు చొప్పున పేరుకున్న నేల అది. ఎండగడితే వేల ఏళ్ల కార్బన్ గాలిలో కలుస్తుంది. దిగుమతితో ఆ నష్టం ఆగదు, లాత్వియాకు మారుతుందంతే. పైగా ఓడ కిరాయి, డీజిల్ ఖర్చు పీట్ ధరకు తోడవుతాయి.

పుట్టగొడుగులకు ప్రత్యామ్నాయం కుదిరేదాకా పరిమితంగా సొంత తవ్వకమే మేలంటాను. పూలకుండీల్లోనూ పీట్ వాడతారు కానీ, వాటికి మన దేశం నుంచి వెళ్లే కొబ్బరి పొట్టు ఉండనే ఉంది.