బైండింగ్‌కు అయిదు, రంగుకు ఒకటి

పెళ్లి ఆల్బమ్‌లకు పేరున్న స్టూడియో ఇది. తిరుపతిలో శ్రీనివాస సేతు ఫ్లైఓవర్ నీడ పడే వరుసలో ఉంటుంది. పేరు రాయను, తప్పు దిద్దుకున్నారు కాబట్టి. ముప్పై ఆరు పేజీలకు 2,600 రూపాయలు తీసుకున్నారు. నాలుగు రోజులన్నారు, నాలుగో రోజు సాయంత్రానికే చేతిలో పెట్టారు. కాగితం మందం. పేజీ తెరిస్తే మధ్యలో ఉబ్బెత్తుగా లేవదు, బల్ల మీద చాపలా పరుచుకుంటుంది. ఇంతవరకు వంక పెట్టడానికి లేదు.

నాది పెళ్లి ఆల్బమ్ కాదు. నిరుడు అట్లాంటాలో మా అబ్బాయి దగ్గర ఉన్నప్పుడు ఆబర్న్ అవెన్యూ అనే వీధిలో తీసుకున్న ఫోటోలు. నాతో పాటు ఇరవై ఏళ్లు ఎల్‌ఐసీ పాలసీలు కట్టించిన స్నేహితురాలు ఒకామె ఉంది, ఆదివారం చర్చి మానని మనిషి. "మార్టిన్ లూథర్ కింగ్ చర్చి చూసి వచ్చి నాకు ఫోనులో చూపిస్తావా అక్కా?" అని నిష్ఠూరమాడింది. అందుకని ఆమెకోసం వేయించాను.

ఆ ఎబెనేజర్ బాప్టిస్టు చర్చి 1886లో మొదలైంది. కింగ్ తల్లికి తండ్రి ఎ.డి. విలియమ్స్ 1894లో పాస్టరుగా వచ్చేనాటికి సంఘంలో ఉన్నది పదముగ్గురు. ఎర్ర ఇటుకల భవనం 1914లో మొదలుపెట్టి 1922కు పూర్తిచేశారు. మామ తరవాత అల్లుడు, అంటే కింగ్ తండ్రి, పాస్టరయ్యాడు, 1960 నుంచి తండ్రికి తోడుగా కొడుకు కింగ్. ఆ కొడుకుకు 1968లో అంత్యక్రియల ప్రార్థన జరిగింది కూడా అక్కడే. ఆరేళ్లకు, 1974 జూన్ 30న, అదే చర్చిలో ఆర్గాన్ వాయిస్తూ కూర్చున్న అతని తల్లి ఆల్బెర్టాను కాల్చి చంపారు. ఈ సంగతి అక్కడికి వెళ్లేదాకా నాకు తెలియదు.

నన్ను పట్టుకున్నది మాత్రం ఆ వీధి, అందులోనూ ఒక బీమా కంపెనీ. వీట్ స్ట్రీట్ బాప్టిస్టు చర్చి పాస్టర్లు ఇద్దరు జబ్బుకూ చావుకూ అక్కరకొచ్చేలా ఒక సహాయ సంఘం పెట్టారు. 1905లో ప్రభుత్వం అయిదు వేల డాలర్లు డిపాజిట్ కట్టమనేసరికి వాళ్ల వల్ల కాలేదు. బానిసగా పుట్టి, క్షౌరశాలలు నడిపి పైకొచ్చిన అలోంజో హెర్న్‌డన్ దాన్ని కొన్నాడు. అదే అట్లాంటా లైఫ్. ఇంటింటికీ తిరిగి ప్రీమియం వసూలు చేసినదాన్ని, ఆ కథ విని అక్కడి నుంచి ఓ పట్టాన కదలలేదు. కంపెనీ కొన్న మరుసటి ఏడాదే, 1906లో, తెల్లవారి మూకలు నల్లవారి మీద పడ్డాయి. ఆ తరవాత నల్లవారి వ్యాపారాలు ఎక్కువగా ఈ వీధికే చేరాయి. నల్లవారి వీధుల్లో ప్రపంచంలోకెల్లా సంపన్నమైనది ఇదేనని 1956లో ఫార్చ్యూన్ పత్రిక రాసింది. ఆ రోజుల్లోనే నగరం మధ్యగా వేసిన పెద్ద రహదారి ఆబర్న్‌ను అడ్డంగా కోసింది. ఇళ్లు పోయాయి, దుకాణాలు పోయాయి. వీధి మీదుగా ఆ రహదారి వంతెన ఇప్పటికీ ఉంది. దాని ఫోటో కావాలనే తీశాను.

ఆల్బమ్‌లో వంతెన లేదు. దాని స్థానంలో నీలాకాశం, రెండు మబ్బులు.

ఇంకో పేజీ తిప్పాను. చర్చి ముందు తెల్ల చేతితొడుగులతో నిలబడి, అడగగానే నవ్వుతూ ఫోటోకు ఒప్పుకున్న పెద్దావిడ ముఖం మీగడ రంగులో ఉంది. మెడ మాత్రం ఆమెదే, నిగనిగలాడే నలుపు. దవడ కింద గీత గీసినట్టు రెండు రంగులు. ముఖమూ తొడుగులూ ఒకే గుడ్డతో కుట్టినట్టున్నాయి.

కంప్యూటర్ ముందున్న అబ్బాయిని అడిగాను. "అందరికీ అలాగే చేస్తామమ్మా. పెళ్లికూతురి ముఖం తెల్లగా రాకపోతే గొడవ చేస్తారు" అన్నాడు. అబద్ధమాడలేదు. మా మేనకోడలి పెళ్లి ఆల్బమ్ ఇక్కడే వేయించాం. అందులో నేను కూడా తెల్లగానే ఉన్నాను, అప్పుడు నోరెత్తలేదు.

"మరి వంతెన?"

"ఫోటోకు అడ్డంగా ఉందని తీసేశానమ్మా."

"నాయనా, ఒకసారి బయటికి వచ్చి తల పైకెత్తి చూడు. రేపు మీ దుకాణం ఫోటో తీసి, అడ్డంగా ఉందని సేతును తీసేస్తే ఇది తిరుపతి అని ఎవరైనా నమ్ముతారా?"

నవ్వాడు. పైసా అడక్కుండా అయిదు పేజీలు మళ్లీ వేసి ఇచ్చాడు, అందుకు మరో మూడు రోజులు. మీరు వెళ్తే ఆర్డరు చీటీ మీద "రంగు మార్చవద్దు, ఏదీ తీసేయవద్దు" అని రాయించి సంతకం చేయించుకోండి. నోటితో చెబితే చాలదు.

పేజీలు విప్పి మళ్లీ అతికించడంతో వెనక అట్ట అంచున జిగురు మరక ఒకటి మిగిలింది. నా స్నేహితురాలు ఆల్బమ్ అందుకోగానే ముందు దాన్నే చూసింది, గోటితో గీకింది.