ఈ-కోర్ట్స్ యాప్: వాయిదాల డైరీగా భేష్, రికార్డుగా కాదు

ఏళ్ల తరబడి రోజూ వాడాక తేలింది ఇదీ: కోర్టు కేసుల వివరాలు చూపించే ఈ-కోర్ట్స్ సర్వీసెస్ యాప్ ఉంటే వాయిదా తేదీ కోసం వకీలు గుమాస్తాకు పదేపదే ఫోన్ చేయక్కర్లేదు. కానీ అందులో కనిపించిందే కోర్టు రికార్డు అనుకుంటే దెబ్బతింటారు.

ముందు సీఎన్ఆర్ నంబర్, అంటే ఒక్కో కేసుకు విడిగా ఇచ్చే గుర్తింపు సంఖ్య, సంపాదించండి. మొత్తం 16 స్థానాలు: రాష్ట్రానికి రెండక్షరాలు, జిల్లాకు రెండు, కోర్టుకు రెండు, ఆపై ఆరంకెల వరుస సంఖ్య, చివర సంవత్సరం. ఇది కొడితే కేసు నేరుగా తెరుచుకుంటుంది. వట్టి దావా నంబర్‌తో పని జరగదు. ఓఎస్ (ఒరిజినల్ సూట్, అంటే సివిల్ దావా) 45 అనేది ప్రతి కోర్టులో ఏటా ఒకటి పుడుతూనే ఉంటుంది.

సీఎన్ఆర్ లేకపోతే పేరుతోనూ వెతకొచ్చు, అసలు తంటా అక్కడే. కనీసం మూడక్షరాలు ఇవ్వాలి, అదీ ఇంగ్లిష్‌లో. లక్ష్మి పేరును ఒకరు ఎక్స్‌తో కొడతారు, ఇంకొకరు కేఎస్‌హెచ్‌తో. సరిగ్గా మూడో అక్షరం దగ్గరే దారి చీలిపోతుంది. రెండు రకాలుగానూ కొట్టి చూడండి, లేదంటే ఎదుటి పార్టీ పేరుతో వెతకండి. ఏడాది గడిలో అడిగేది రిజిస్ట్రేషన్ సంవత్సరం. డిసెంబరులో వేసిన కేసుకు జనవరిలో నంబర్ పడితే పాత ఏడాదిలో దొరకదు. పెండింగ్ అన్న చోట ‘బోత్’ పెట్టకపోతే కొట్టేసిన కేసు కనిపించదు. డిఫాల్ట్‌లో, అంటే హాజరు కానందుకు, డిస్‌మిస్ అయిన దావాను మళ్లీ తెరిపించడానికి గడువు 30 రోజులే కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

హియరింగ్ హిస్టరీలో తేదీ మీద నొక్కితే ఆ రోజు ఏం జరిగిందో ఒకటి రెండు ముక్కల్లో ఉంటుంది. అది సిబ్బంది ఎక్కించే వివరం. ఒక్కోసారి ఆలస్యంగా ఎక్కుతుంది, తేదీ తప్పు పడటమూ ఉంది. వాయిదాకు ముందు రోజు సాయంత్రం కాజ్ లిస్ట్ (ఆ రోజు కోర్టు ముందుకొచ్చే కేసుల జాబితా) కూడా చూసుకోండి. రెండూ కలవకపోతే వకీలుగారికి చెప్పి కోర్టు ఫైల్లోని డాకెట్ (ఏ రోజు ఏం జరిగిందో రాసే పుట) చూపించుకోవడమే మార్గం.

కొత్తవాళ్లు పొరబడేది గడువుల దగ్గర. తర్వాతి వాయిదా రెండు నెలల తర్వాత ఉంది కదా, రిటన్ స్టేట్‌మెంట్ (దావాకు ప్రతివాది రాతలో ఇచ్చే జవాబు) అప్పుడు వేద్దాం అనుకుంటారు. మామూలు సివిల్ దావాలో లెక్క సమన్లు అందిన రోజు నుంచే: 30 రోజులు, కారణం చూపి కోర్టు ఒప్పుకుంటే 90 దాకా. కమర్షియల్ దావాలో 120 రోజులు దాటితే ఆ హక్కే పోతుంది. ఈ లెక్క యాప్ మీకు చెప్పదు.

తీర్పు పీడీఎఫ్ దించుకుని చదువుకోవచ్చు, అప్పీలుకు మాత్రం కోర్టు ముద్ర వేసి ఇచ్చే సర్టిఫైడ్ నకలే కావాలి. సివిల్ డిక్రీ మీద అప్పీలు గడువు జిల్లా కోర్టుకైతే 30 రోజులు, హైకోర్టుకైతే 90. నకలు తయారవడానికి పట్టిన రోజులు ఇందులోంచి మినహాయిస్తారు, కానీ అర్జీ పెట్టుకున్నాకే ఆ మినహాయింపు. పీడీఎఫ్ ఎక్కుతుందిలే అని ఎదురుచూసిన రోజులు మీ ఖాతాలోనే పోతాయి. చార్జీలు కట్టమని పిలిచాక తాత్సారం చేసినా అంతే. నకలు వెనక ముద్రలో ఆ తేదీలన్నీ వరుసగా రాసి ఉంటాయి, తెచ్చుకున్నప్పుడే సరిచూసుకోండి.

వినియోగదారుల కమిషన్లు, తహసీల్దారు, ఆర్డీవో దగ్గర నడిచే కేసులు ఇందులో దొరకవు.

‘మై కేసెస్’లో దాచిన జాబితా ఉండేది మీ ఫోన్‌లోనే. రిఫ్రెష్ కొట్టకపోతే పాత వాయిదానే చూపిస్తుంది. ఫోన్ మార్చేముందు ఎక్స్‌పోర్ట్ చేసి ఆ ఫైలును మెయిల్‌లో పడేసుకోండి, లేకపోతే కేసులన్నీ ఒక్కొక్కటిగా మళ్లీ ఎక్కించుకోవాలి.