అప్పు సగం మాఫీ చేయిస్తామని ఫోన్ వస్తే వెంటనే కట్ చేసేయండి

క్రెడిట్ కార్డు బాకీలు, పర్సనల్ లోన్ వాయిదాలు మోయలేక సతమతమవుతున్న వాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి.

మా పిన్ని కొడుకుకి ఉద్యోగం పోయి వాయిదాలు తప్పాయి. సరిగ్గా అప్పుడే ఫోన్ వచ్చింది. "సార్, సగం కడితే చాలు, మిగతాది రిజర్వ్ బ్యాంకు పథకం కింద మాఫీ చేయిస్తాం" అన్నారు. ఏ బ్యాంకులో ఎంత బాకీ ఉందో వాళ్లే చెప్పడంతో మావాడు నమ్మేశాడు. మన రుణాల వివరాలు ఎవరెవరి చేతుల్లోకో పోతున్నాయి. అవి తెలిసినంత మాత్రాన ఫోన్ చేసినవాడు బ్యాంకు మనిషి అయిపోడు.

బాకీలో పదో వంతు 'లీగల్ ఫీజు' పేరుతో ముందే కట్టించుకున్నారు. వాయిదాలు ఆపేయమన్నారు, బ్యాంకు ఫోన్లు ఎత్తవద్దన్నారు, నోటీసులు వస్తే తమ లాయరు చూసుకుంటాడన్నారు. బ్యాంకు ఫోన్ ఎత్తవద్దనడమే నాకు ఒళ్లు మండించింది. బ్రాంచికి వెళ్లి ఒక్కసారి అడిగితే గుట్టు రట్టవుతుందని వాళ్లకు బాగా తెలుసు.

తర్వాత వాట్సాప్‌లో 'రుణమాఫీ ధ్రువపత్రం' పంపారు. పైన రిజర్వ్ బ్యాంకు చిహ్నం, కింద గుండ్రటి స్టాంపు, ఆకుపచ్చ సిరా సంతకం. లోన్ ఖాతా నంబరు మాత్రం ఎక్కడా లేదు. బ్రాంచిలో చూపిస్తే చెల్లదన్నారు. ఈలోగా జరిమానాలు, బౌన్స్ చార్జీలు పేరుకుపోయాయి, సిబిల్ స్కోరు (అప్పులు సరిగ్గా కడుతున్నామో లేదో చూపే మార్కు) పడిపోయింది. ఫోన్ చేసిన నంబరు ఇప్పుడు పనిచేయడం లేదు. డబ్బు వసూలు చేసి ఇలాంటి పత్రాలు ఇచ్చేవారికి ఏ అధికారమూ లేదని, వాళ్ల మీద పోలీసులకు ఫిర్యాదు చేయాలని రిజర్వ్ బ్యాంకు 2023 డిసెంబరులోనే హెచ్చరించింది.

సెటిల్‌మెంట్, అంటే బాకీలో కొంత కట్టించుకుని మిగతాది వదిలేయడం, నిజంగానే ఉంది. అయితే అప్పు తగ్గించే అధికారం అప్పిచ్చిన సంస్థదే. అందుకు ఒప్పుకుంటే లెటర్‌హెడ్ మీద ఖాతా నంబరు, కట్టాల్సిన మొత్తం, గడువు రాసి ఇస్తుంది. ఆ కాగితం చేతికి వచ్చాకే, అదీ లోన్ ఖాతాలోకే డబ్బు కట్టండి. తర్వాత బాకీ లేదన్న ధ్రువపత్రం తీసుకోండి. ఇంకో సంగతి ఏ ఏజెంటూ చెప్పడు: ఇలా తీర్చిన అప్పు మన అప్పుల చరిత్ర చూపే క్రెడిట్ రిపోర్టులో 'క్లోజ్డ్' అని కాకుండా 'సెటిల్డ్' అని పడుతుంది, రేపు ఇంటి లోను అడిగితే అది అడ్డం వస్తుంది. అందుకే ముందుగా గడువు పెంచమనో, కార్డు బాకీని వాయిదాలుగా మార్చమనో అడగండి.

రికవరీ ఏజెంట్ల వేధింపులకు భయపడే చాలామంది ఈ వలలో పడుతున్నారు. ఉదయం 8 గంటలకు ముందు, రాత్రి 7 తర్వాత వసూళ్ల కోసం ఫోన్ చేయకూడదని రిజర్వ్ బ్యాంకు నిబంధన. హద్దు మీరితే బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు (బ్యాంకుల మీద ఫిర్యాదులు పరిష్కరించే అధికారికి) ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. వివరాలకు 14448కి ఫోన్ చేయండి.

ఇప్పటికే డబ్బు పంపి ఉంటే పరువు పోతుందని ఆగకండి, వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే ఆ సొమ్మును ఖాతాలోనే నిలిపివేయించే అవకాశం అంత ఎక్కువ. మావాడు ఆలస్యంగా చెప్పాడు, ఇంకా రూపాయి కూడా తిరిగి రాలేదు. బ్యాంకు మాత్రం, నేరుగా వెళ్లి అడిగాక, నెలవారీ వాయిదా తగ్గించి గడువు పొడిగించింది.