మూసాపేట అగ్రిమెంటు షాపు: పని చురుకే, ప్రింటుకు ముందు చదవండి

మూసాపేట మెట్రో స్టేషన్ దగ్గర స్టాంపు పేపర్లు అమ్మే చిన్న షట్టర్‌లో మా కొత్త ఇంటి అద్దె అగ్రిమెంటు చేయించాం. 100 రూపాయల స్టాంపు పేపరు, టైపింగు, రెండు కాపీలు కలిపి 350 తీసుకున్నారు. పది నిమిషాలని బోర్డు మీద ఉంది గానీ అరగంట పట్టింది. ఫర్వాలేదు, ఫ్యాన్ కింద కూర్చోబెట్టారు.

చిక్కంతా ఫార్మాట్‌తోనే. మొదటి పేజీలో ఓనర్ అంకుల్ 'లెసర్' (అద్దెకిచ్చేవారు), నేను 'లెసీ' (అద్దెకుండేవారు). రెండో పేజీలో నేను 'టెనెంట్' అయ్యాను, ఇది కూడా సరే. మూడో పేజీకి వచ్చేసరికి 'లైసెన్సీ' అని ఉంది! ఏదో హాస్టల్ కాగితంలోంచి ఆ పేరా ఎత్తి ఇక్కడ అతికించినట్టున్నారు. కిరాయికి ఉండేవాళ్లకు ఇంటిని అనుభవించే హక్కు వస్తుంది, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని 105వ సెక్షన్ చెప్పేది అదే. లైసెన్సీకి ఉండేది వాడుకునే అనుమతి మాత్రమే. గొడవై కోర్టుకెళ్తే కాగితం మీది పేరొక్కటే కాదు, అసలు ఏర్పాటేమిటో కూడా చూస్తారు, నిజమే. కానీ ఆ గొడవకు మనమే దారి వేయడం దేనికి?

అంతకన్నా ఘోరం ఇంకోటి. 'లెసీ డిపాజిట్ తిరిగి చెల్లించవలెను' అని ఉంది. అంటే నేను కట్టిన 40,000 మళ్లీ నేనే ఇవ్వాలన్నమాట. అంకుల్ నవ్వి, 'అట్లనే ఉండనియ్యమ్మా, నాకు మంచిదే' అన్నారు. టైపు చేసే అబ్బాయి మాత్రం 'అందరికీ ఇదే ఫార్మాట్ మేడమ్, ఎవరూ చదవరు' అన్నాడు. పక్క కుర్చీలోని పెద్దాయన కాగితం లాక్కుని, లైను లైను పైకి చదివి అన్నీ సరిచేయించారు. అదనంగా పైసా అడగలేదు. ఈ షాపుకు నేనిచ్చే మార్కులన్నీ ఆయనవే.

11 నెలలకే ఎందుకు రాస్తారన్నా ఆయనే చెప్పారు: 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడాది దాటిన లీజునే తప్పనిసరిగా రిజిస్టర్ చేయించాలనుకుని, ఆ ఖర్చు తప్పించుకోవడానికట. నిజానికి తెలంగాణలో 1999 నాటి రాష్ట్ర సవరణ వల్ల ఏడాది లోపు లీజుకూ రిజిస్ట్రేషన్ తప్పనిసరే. సబ్‌లెట్ చేయకూడదన్న (మళ్లీ వేరేవాళ్లకు అద్దెకివ్వకూడదన్న) షరతు కింద, కోచింగ్‌కు వచ్చే మా పిన్ని కొడుకు మాతో ఉండొచ్చని కూడా రాయించారు. నాకు ఆ ఆలోచనే రాలేదు.

ఐదుకు మూడున్నర. వెళ్తే ఆ పెద్దాయన ఉన్నప్పుడే వెళ్లండి, సాయంత్రాలు ఉంటారు. స్టాంపు పేపరు మీద కొట్టకముందే డ్రాఫ్ట్ వాట్సాప్‌లో పంపమనండి, అడిగితే పంపుతారు. ప్రింటయ్యాక తప్పు దొరికితే కొత్త పేపరు డబ్బులు మీవే. సాక్షులిద్దరినీ వెంట తీసుకెళ్లండి, షాపువాళ్లు సంతకం పెట్టరు.